మైక్రోబ్లేడింగ్ చేయించుకుందామనుకుంటున్నాను, ముందు ఏం తెలుసుకోవాలి?

సన్నజాజి, విజయవాడ
అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. రెండో పాప పుట్టాక థైరాయిడ్ వచ్చింది, మాత్ర వేసుకుంటున్నాను. అప్పటి నుంచి కనుబొమల చివర్లు పల్చబడుతూ వచ్చాయి. ఇప్పుడు సగం కనుబొమే ఉన్నట్టు కనిపిస్తుంది. రోజూ పెన్సిల్‌తో దిద్దుకుని ఆఫీసుకు వెళ్తాను, మధ్యాహ్నానికి చెమటకు ఒక పక్క చెరిగిపోతుంది. మాఘమాసంలో మా తమ్ముడి పెళ్లి. ఆడపడుచుని కాబట్టి ప్రతి ఫొటోలోనూ ఉండాల్సిందే.

మైక్రోబ్లేడింగ్ (కనుబొమల చర్మంలోకి రంగు ఎక్కించడం) చేయించుకోవాలని ఉంది. మావారు మాత్రం "ముఖం మీద బ్లేడ్ ఏంటి" అని కంగారు పడుతున్నారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పార్లర్‌లో అడిగితే పౌడర్ బ్రోస్ మేలన్నారు. ఇంకోచోట రెండూ కలిపి చేస్తామన్నారు. తేడా ఏంటో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చేయించుకున్నవాళ్లు, చేసేవాళ్లు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. నా చర్మం బాగా జిడ్డు.

గోదారి గట్టు, రాజమండ్రి
నేను పౌడర్ బ్రోస్ చేయించుకున్నాను అక్కా. ఏడాది దాటింది, బాగానే ఉన్నాయి. పొద్దున లేవగానే అద్దంలో కనుబొమలు కనిపిస్తుంటే ప్రాణం లేచొస్తుంది. కాకపోతే మొదటి పది రోజులు ఎలా ఉంటుందో ముందే తెలుసుకోండి, లేకపోతే టెన్షన్ పడతారు. అది తర్వాత రాస్తాను.

నల్లపూసలు, కూకట్‌పల్లి
సన్నజాజి గారూ, నేను ఈ పనే చేస్తాను. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మైక్రోబ్లేడింగ్‌లో మోటార్ ఉండదు. పెన్ను లాంటి పిడికి వరసగా సన్నని సూదులు అమర్చి ఉంటాయి, చూడటానికి చిన్న బ్లేడ్‌లా కనిపిస్తుంది. దాంతో వెంట్రుక ఆకారంలో ఒక్కొక్క గీత గీసి, ఆ గీతలోకి రంగు ఎక్కిస్తాం. పౌడర్ బ్రోస్, ఆంబ్రే బ్రోస్ అనేవి మెషీన్‌తో చేస్తాం. సన్నని సూదితో చుక్కలు చుక్కలుగా నింపుకుంటూ పోతే లేతగా పెన్సిల్ దిద్దినట్టు వస్తుంది. ముందు భాగంలో గీతలు, చివర్లలో చుక్కలు పెడితే దాన్ని కాంబో అంటారు. నానో బ్రోస్ అని ఈమధ్య వినిపిస్తున్నది మెషీన్‌తోనే వెంట్రుకల్లాంటి గీతలు తీయడం.

జిడ్డు చర్మం మీద మైక్రోబ్లేడింగ్ గీతలు నిలబడవు. మొదట్లో అద్భుతంగా ఉంటాయి, కొన్ని నెలలకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మసకగా మారతాయి. చర్మరంధ్రాలు పెద్దగా ఉన్నవాళ్లకు కూడా అంతే. అందుకే మీకు పౌడర్ బ్రోస్ మేలని ఆ పార్లర్‌వాళ్లు అన్నది సరైన మాటే. పొడి చర్మం, మామూలు చర్మం ఉన్నవాళ్లకు మైక్రోబ్లేడింగ్ చక్కగా కుదురుతుంది.

ఎన్నాళ్లుంటుంది అంటే, సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర. కొందరికి రెండు, మూడేళ్లు. ఎండలో తిరిగే ఉద్యోగం, జిడ్డు చర్మం, ముఖానికి రెటినాల్ లాంటి క్రీములు, ఇవన్నీ రంగును త్వరగా తగ్గిస్తాయి. పూర్తిగా మాయమవుతుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. కొందరికి లేత నీడ ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. చేయించుకునేవాళ్లు దానికి సిద్ధపడే రావాలని నేను మొదటి రోజే చెబుతాను.

లోతే ఈ పనిలో ప్రాణం. మనం రంగు పెట్టే లోతు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. పైపైన పెడితే పక్కుతో పాటే రాలిపోతుంది. లోతుగా దిగితే గీత అలుక్కుపోయి బూడిద, నీలం రంగుకు తిరుగుతుంది, మచ్చ కూడా పడొచ్చు. చేయి కుదరడానికి కాలం పడుతుంది. రెండు మూడు రోజుల కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించి మనుషుల ముఖాల మీద నేర్చుకుంటున్నవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

రంగు గురించి ఒక మాట. మనవాళ్లందరూ "జుట్టు నలుపు కదా, నల్లగా పెట్టండి" అంటారు. పచ్చి నలుపు పెట్టకూడదు. కార్బన్ ఎక్కువున్న నలుపు మానాక చల్లగా, బూడిదగా కనిపిస్తుంది. ఐరన్ ఆక్సైడ్ ఎక్కువున్న బ్రౌన్ ఏళ్లు గడిచేకొద్దీ ఎరుపు, నారింజ వైపు తిరుగుతుంది. మన చామనఛాయకు, లోపలి రంగుకు తగ్గట్టు ముదురు బ్రౌన్‌ను సరిచేసి కలపాలి. ఏ కంపెనీ పిగ్మెంట్, ఏ షేడ్ అని అడిగితే సీసా చూపించాలి. చూపించనివాళ్ల దగ్గర కూర్చోవద్దు.

చర్మవైద్యం, విశాఖ
నేను డెర్మటాలజిస్ట్‌ని. పై సభ్యురాలు పని గురించి చక్కగా చెప్పారు. నేను అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న అడుగుతాను. సన్నజాజి గారూ, మీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు?

కనుబొమల బయటి మూడో వంతు పల్చబడటం హైపోథైరాయిడ్‌లో (థైరాయిడ్ తక్కువగా పనిచేయడం) పాతకాలం నుంచీ వైద్యులు గుర్తుపట్టే లక్షణం. మాత్ర మోతాదు కుదిరితే కొన్ని నెలల్లో కొంతమందికి వెంట్రుకలు మళ్లీ వస్తాయి. అసలు కారణం తెలుసుకోకుండా రంగు పూస్తే, వెనకున్న జబ్బు కప్పబడిపోతుంది. పేనుకొరుకుడు కనుబొమల మీదా రావచ్చు. నడివయసు దాటిన స్త్రీలలో నుదుటి వెంట్రుకలు వెనక్కి జరుగుతూ వచ్చే ఒక రకం జుట్టు రాలుడు కొందరిలో కనుబొమలతోనే మొదలవుతుంది. అది త్వరగా పట్టుకుంటే ఆపగలం. కుష్ఠువులో కూడా కనుబొమలు రాలతాయి, మన దగ్గర ఆ సంగతి మరిచిపోకూడదు. కాబట్టి కనుబొమలు కొత్తగా ఊడుతున్నాయంటే పార్లర్ కన్నా ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించండి.

ఇక ఎవరు చేయించుకోకూడదు, ఎవరు ఆగాలి అనే సంగతి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వద్దు. చిన్న గాయమైనా ఉబ్బి కీలాయిడ్ కట్టే చర్మం ఉన్నవాళ్లు వద్దు. సోరియాసిస్, బొల్లి, లైకెన్ ప్లానస్ ఉంటే గాయమైన చోట అదే జబ్బు కొత్తగా పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతున్నవాళ్లను మానేశాక ఆరు నెలలు ఆగమని ఎక్కువమంది చెబుతారు. షుగర్ అదుపులో లేకపోతే గాయం మానదు, ఇన్ఫెక్షన్ వస్తుంది, కాబట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) చూసుకుని వెళ్లండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు పార్లర్ చెప్పిందని మందు ఆపేయొద్దు. ఆ మందు రాసిన డాక్టర్‌తోనే మాట్లాడండి.

ప్యాచ్ టెస్ట్ (ముందు కొద్దిచోట రాసి పడుతుందో లేదో చూడటం) తప్పనిసరి. తిమ్మిరి కోసం రాసే లిగ్నోకైన్ క్రీముకూ పడనివాళ్లు ఉంటారు, పిగ్మెంట్‌కూ పడనివాళ్లు ఉంటారు. ఐరన్ ఆక్సైడ్‌లో కొద్దిపాటి నికెల్ ఉండొచ్చు. గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు చీము పట్టేవాళ్లు, కుంకుమ పెట్టుకుంటే నుదురు దురద పెట్టేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

సన్నజాజి, విజయవాడ
డాక్టర్ గారూ, మీరు అడిగాక పాత రిపోర్టులు వెతికాను. చివరి పరీక్ష చేయించి చాలా కాలమైంది. అప్పుడు కూడా టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువే ఉంది. రేపే రక్తం ఇస్తాను. ఈ రెండింటికీ ఇంత సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదు.

ఓరుగల్లు పిల్ల, వరంగల్
నా సంగతి కూడా వినండి. హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో చేయించుకున్నా. పేరు రాయను. ఇన్‌స్టాలో ఫొటోలు చూసి మురిసిపోయి వెళ్లాను. ప్యాచ్ టెస్ట్ లేదు, సంతకం కాగితం లేదు, పడుకోబెట్టి స్టెన్సిల్ పెట్టి గీసేశారు. గంటలో అయిపోయింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే "కొంచెం ఓర్చుకో" అన్నారు తప్ప ఆపలేదు. మానాక చూస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి. ఇప్పుడు రెండూ బూడిద రంగులో ఉన్నాయి. అడిగితే టచప్‌కి, అంటే మానాక ఇంకోసారి సరిదిద్దడానికి, మళ్లీ డబ్బులు కట్టమంటున్నారు. రోజూ వాటి మీద మళ్లీ పెన్సిల్ దిద్దుకుంటున్నాను. తీసేయించుకోవచ్చా?

నల్లపూసలు, కూకట్‌పల్లి
చదువుతుంటే కోపం వస్తోంది, చెల్లీ. దాని మీద ఇంకో రంగు వేస్తామని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. లోతు తప్పిన చోట మళ్లీ గాయం చేస్తే మచ్చ పడే ప్రమాదం ఎక్కువ.

కొలత గురించి మిగతావాళ్లకు కూడా చెబుతాను. ముక్కుపుట పక్క నుంచి నిలువుగా గీస్తే కనుబొమ మొదలు, ముక్కు నుంచి కనుపాప బయటి అంచు మీదుగా గీస్తే వంపు, కంటి బయటి మూల మీదుగా గీస్తే చివర. రంగు పూసిన దారంతో ఈ గీతలన్నీ వేసి చూపించాలి. అదీ మనిషిని కూర్చోబెట్టి. పడుకున్నప్పుడు చర్మం వెనక్కి జారుతుంది, ఆ కొలత లేచి కూర్చుంటే మారిపోతుంది. ఎవరి ముఖమూ రెండు వైపులా ఒకేలా ఉండదు కాబట్టి స్టెన్సిల్‌తో పని జరగదు. గీసిన ఆకారం మీరు అద్దంలో చూసి, ఫొటో తీయించుకుని, ఇంట్లోవాళ్లకు పంపి, సరే అన్నాకే సూది ముట్టుకోవాలి. నాకు ఆకారం గీయడానికే పని కన్నా ఎక్కువసేపు పట్టిన రోజులున్నాయి.

చర్మవైద్యం, విశాఖ
ఓరుగల్లు పిల్ల గారూ, తీసేయవచ్చు. కాకపోతే ఓపిక కావాలి. క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ లేజర్‌తో విడతలు విడతలుగా, మధ్యలో వారాల విరామంతో చేస్తాం. ఇక్కడొక ప్రమాదం ఉంది, అందరూ గుర్తుపెట్టుకోండి. పిగ్మెంట్‌లో తెల్లదనం కోసం టైటానియం డయాక్సైడ్ కలిపి ఉంటే, లేదా ఐరన్ ఆక్సైడ్ ఉంటే, లేజర్ తగలగానే అది రసాయనికంగా మారి ఇంకా నల్లబడొచ్చు. అందుకే ముందు ఒక చిన్న చుక్క మీద పరీక్షించి, కొన్ని వారాలు ఆగి చూడాలి. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి లేజర్ తీవ్రత కూడా జాగ్రత్తగా పెట్టాలి. ఉప్పు ద్రావణంతో రంగు పైకి లాగే పద్ధతి కూడా ఉంది. అదీ చర్మానికి గాయమే, అనుభవం లేనివాళ్లు చేస్తే నల్లమచ్చలు పడతాయి. పార్లర్‌లో కాకుండా చర్మవైద్యుల దగ్గరికే వెళ్లండి. మీకు వాడిన పిగ్మెంట్ పేరు ఆ స్టూడియోవాళ్లను అడిగి రాయించుకోండి, ఇవ్వడం వాళ్ల బాధ్యత.

డాలస్ తెలుగమ్మ
మాకు టెక్సాస్‌లో దీన్ని టాటూ కిందే లెక్కగడతారు. స్టూడియోకు రాష్ట్ర ఆరోగ్య శాఖ లైసెన్స్ ఉండాలి. కాలిఫోర్నియాలో ఉన్న మా వదిన చెప్పింది, అక్కడ చేసేవాళ్లు కౌంటీలో నమోదై ఉండాలి, రక్తం ద్వారా అంటుకునే జబ్బుల గురించి ఏటా శిక్షణ తీసుకోవాలి. ఇండియాలో ఈ పనికంటూ దేశమంతటికీ వర్తించే అలాంటి ప్రత్యేక లైసెన్స్ లేదు కాబట్టి జాగ్రత్త మనమే పడాలి.

ఇంకో సంగతి. చాలామంది పిగ్మెంట్ సీసా చూపించి "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్" అంటారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ చర్మంలోకి ఎక్కించడానికి ఏ రంగునూ ఆమోదించలేదు. ఆ మాట చెప్పారంటే వాళ్లకు తెలియదన్నా అనుకోవాలి, అబద్ధమన్నా అనుకోవాలి. యూరప్‌లో మాత్రం 2022 జనవరి నుంచి టాటూ, పర్మనెంట్ మేకప్ రంగుల్లో వేల కొద్దీ రసాయనాల మీద ఆంక్షలు పెట్టారు. ఆ నిబంధనలకు తగ్గట్టు తయారైన పిగ్మెంటా అని అడగడం తెలివైన పని.

సెలవులకు ఇండియా వచ్చినప్పుడు చవగ్గా చేయించుకుపోదామని మావాళ్లు చాలామంది అనుకుంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టచప్ ఉంటుంది. అప్పటికి మీరు విమానం ఎక్కేసి ఉంటారు. ఒకరు మొదలుపెట్టిన పని ఇక్కడ ఇంకొకరు ముట్టుకోవడానికి ఇష్టపడరు.

మామిడితోపు, నూజివీడు
అమ్మాయిలూ, మా అమ్మ చేతి మీద పచ్చబొట్టు ఉండేది. పొడిపించుకున్నప్పుడు నల్లగా ఉందట, నాకు ఊహ తెలిసేసరికి ఆకుపచ్చగా అలుక్కుపోయి ఉంది. చెయ్యి కాబట్టి సరిపోయింది. ముఖం మీద ఇదంతా అవసరమా? రాత్రిపూట ఆముదం రాసుకుంటే కనుబొమలు వస్తాయి కదా.

చర్మవైద్యం, విశాఖ
అమ్మా, మీ భయంలో నిజముంది. పాతకాలపు టాటూ రంగులు లోతుగా దిగి అలాగే మారేవి. ఇప్పటివి తక్కువ లోతులో పెడతారు, అందుకే తగ్గిపోతాయి. ఆముదం వెంట్రుకను మెరిపిస్తుంది, దళసరిగా కనిపించేలా చేస్తుంది. కుదురు చచ్చిపోయిన చోట కొత్త వెంట్రుకను మొలిపించదు. కుదురు బతికి ఉన్నవాళ్లకు డాక్టర్ రాసే మినాక్సిడిల్, బైమాటోప్రోస్ట్ లాంటి మందులు కొంత పనిచేస్తాయి, వాడినన్నాళ్లే. సూది భయం ఉన్నవాళ్లకు బ్రో టింట్, హెన్నా బ్రోస్ ఉన్నాయి, అవి కొన్ని వారాలకు పోతాయి. కనుబొమలకు వాడే రంగులో పీపీడీ (హెయిర్ డైలో ఉండే రసాయనం) ఉందేమో చూసుకోండి. హెయిర్ డై పడనివాళ్లకు అదీ పడదు.

మంగళగిరి చీర
నేను రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డాను. కీమోలో జుట్టు పోతుందని తెలుసు, దానికి మనసు గట్టి చేసుకున్నాను. కనుబొమలు పోయినప్పుడే అద్దం చూడలేకపోయాను. మధ్యలోనే చేయించుకుంటానంటే మా ఆంకాలజిస్ట్ ఒప్పుకోలేదు, తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు చిన్న గాయమైనా ప్రమాదమని. ఆ నెలలన్నీ స్టెన్సిల్, పౌడర్‌తో గడిపాను. చికిత్స అంతా అయ్యాక, రక్త పరీక్షలు బాగున్నాయని ఆయన రాసిచ్చాకే చేయించుకున్నాను. చేసినావిడ ఆ కాగితం అడిగి తీసుకుంది, అందుకే ఆమె మీద నమ్మకం కలిగింది. వెంట్రుకలు తర్వాత పల్చగా వచ్చాయి, ఈ రంగు వాటికి తోడుగా ఉంది. అనవసరమైన షోకు అని మా బంధువులు కొందరు అన్నారు. నాకు మాత్రం మళ్లీ నా ముఖం నాకు దొరికింది.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకు చెప్పేది ఏంటంటే, కీమో మొదలవక ముందే వ్యవధి ఉంటే డాక్టర్‌ని అడగండి. గాయం పూర్తిగా మానేంత సమయం ఉందో లేదో వాళ్లే చెబుతారు.

ఇంకోటి. ఎంఆర్‌ఐకి వెళ్లినప్పుడు కనుబొమలకు రంగు ఉందని అక్కడివాళ్లకు చెప్పండి. ఐరన్ ఆక్సైడ్ వల్ల అరుదుగా మంట, వాపు వస్తుందట. నాకేమీ కాలేదు. దానికి భయపడి స్కాన్ మాత్రం మానొద్దు.

బుల్లెట్ బండి, కర్నూలు
మగవాళ్లు చేయించుకోవచ్చా అండీ? యాక్సిడెంట్‌లో కుడి కనుబొమ మధ్యలో కుట్లు పడ్డాయి, అక్కడ వెంట్రుకలు రాలేదు. పెళ్లిచూపులకు వెళ్తే అందరి కళ్లూ అక్కడే.

నల్లపూసలు, కూకట్‌పల్లి
నిక్షేపంగా చేయించుకోవచ్చు అన్నా, నా దగ్గరికి మగవాళ్లు వస్తారు. మచ్చ పడి కనీసం ఏడాది అయ్యుండాలి, ఎరుపు పోయి మెత్తబడి ఉండాలి. మచ్చ చర్మం రంగును ఒకేలా పట్టదు, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తీసుకుంటుంది. ఒకటికి రెండు టచప్‌లు పడతాయని అనుకుని రండి. మచ్చ ఉబ్బెత్తుగా ఉంటే మాత్రం ముందు చర్మవైద్యులకు చూపించండి. శాశ్వతంగా కావాలంటే వెంట్రుకల ట్రాన్స్‌ప్లాంట్ కూడా ఉంది. తలవెంట్రుక తెచ్చి పెడతారు కాబట్టి అది పెరుగుతూనే ఉంటుంది, కత్తిరించుకుంటూ ఉండాలి.

గోదారి గట్టు, రాజమండ్రి
రాస్తానన్నాను కదా. చేసిన రోజు, మర్నాడు కనుబొమలు బొగ్గుతో దిద్దినట్టు ముదురుగా ఉంటాయి. మా అత్తగారు చూసి కెవ్వుమన్నారు. కొద్దిగా వాపు, మంట. నాలుగైదు రోజులకు పక్కు కట్టి దురద మొదలవుతుంది, గోకకూడదు, పీకకూడదు. పీకితే అక్కడ రంగు ఊడిపోయి ఖాళీ పడుతుంది. పదో రోజుకల్లా అన్నీ రాలిపోయి, కింద చూస్తే రంగే లేదు! డబ్బంతా దండగైందని ఏడ్చినంత పని చేశాను. కొత్త చర్మం కప్పడం వల్ల అలా కనిపిస్తుందట, నెల తిరిగేసరికి రంగు మళ్లీ పైకి తేలింది.

ఆ పది రోజులూ చెమట పట్టే పని, ఈత, ఆవిరి పట్టడం, మేకప్ వద్దన్నారు. నాకు వంటింటి పొయ్యి దగ్గరే కష్టమైంది. ముఖ్యంగా మనవాళ్లకు ఒక మాట: పసుపు, సున్నిపిండి, నలుగు, తలంటు నూనె ఏదీ అక్కడికి జారకూడదు. కల్తీ పసుపు, దుమ్ము గాయంలోకి పోతే ఇన్ఫెక్షనే. పెళ్లికూతుళ్లు దీన్ని బాగా ఆలోచించుకోవాలి. మంగళస్నానం, పసుపు దంచడం, ఇప్పుడు కొత్తగా హల్దీ ఫంక్షన్లు, ఆపైన నుదుటికి బాసికం కడతారు, అది కనుబొమలకు ఒరుసుకుంటూనే ఉంటుంది. ముహూర్తానికి కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. మొదటిసారి, టచప్, అది మానడం, అన్నీ ఆ గడువులో పూర్తవ్వాలి.

నల్లపూసలు, కూకట్‌పల్లి
బాగా చెప్పారు. చీము, వేడి, రోజురోజుకూ పెరిగే ఎరుపు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా పార్లర్‌కి ఫోన్ చేసి కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

స్టూడియోకి వెళ్లినప్పుడు సూది మీ కళ్ల ముందు ప్యాకెట్ చించి తీయాలి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి. ఒకసారి వాడి పారేసే టూల్ అయితే ఇంకా మంచిది. పిగ్మెంట్‌ను పలచన చేయడానికి కుళాయి నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు కలిపేవాళ్లున్నారు, అది చాలా ప్రమాదం. పనయ్యాక సూదిని గుచ్చుకోని గట్టి డబ్బాలో వేస్తున్నారా, చెత్తబుట్టలోనా చూడండి. చెత్తబుట్టలో వేస్తే మిగతా శుభ్రత కూడా అంతేనని అర్థం.

ఫొటోలు అడిగినప్పుడు అప్పుడే చేసినవి కాదు, నెల, ఏడాది తర్వాతవి అడగండి. అవి కూడా మన రంగు చర్మం మీదివి. రేటు విషయానికొస్తే పది వేల లోపు నుంచి ముప్పై వేల పైదాకా రకరకాలుగా ఉంది. టచప్ అందులో ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఆఫర్ ఈ రోజుకే అని తొందరపెడితే లేచి వచ్చేయండి.

సన్నజాజి, విజయవాడ
రిపోర్ట్ వచ్చింది. టీఎస్‌హెచ్ ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ ఉంది, మా డాక్టర్ మోతాదు పెంచారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. అందుకని పెళ్లికి పెన్సిలే. చెమటకు చెరగని జెల్ ఏదైనా ఉంటే చెప్పండి. మందు పనిచేసి వెంట్రుకలు ఎంతవరకు వస్తాయో ఉగాది దాటేదాకా చూసి, అప్పటికీ చివర్లు ఖాళీగా ఉంటే పౌడర్ బ్రోస్ చేయించుకుంటాను. మావారు కూడా ఈ చర్చంతా చదివారు. అప్పుడు తనే తీసుకెళ్తానంటున్నారు.

ఒక్క సందేహం మిగిలింది. నేను ప్రతి ఏడాదీ రక్తదానం చేస్తాను. ఇది చేయించుకుంటే ఇవ్వకూడదా?

చర్మవైద్యం, విశాఖ
మంచి నిర్ణయం. రక్తదానానికి ఇదీ టాటూ కిందే లెక్క. మన దేశంలో టాటూ తర్వాత ఏడాది ఆగమంటారు. కాబట్టి మీ థైరాయిడ్ అదుపులోకి వచ్చాక ముందు రక్తం ఇచ్చి, ఆ తర్వాత కనుబొమలు చేయించుకోండి. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోయి ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి. మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చేయించుకునే లోపు కనీసం రెండు డోసులైనా పూర్తవుతాయి.

గోదారి గట్టు, రాజమండ్రి
జెల్ కన్నా వాటర్‌ప్రూఫ్ పొమేడ్ (చిక్కటి కనుబొమ క్రీము) చూడు అక్కా, సన్నని కోసు బ్రష్‌తో వెంట్రుకల్లా గీసి పైన కొద్దిగా ట్రాన్స్‌లూసెంట్ పౌడర్ అద్దు. మా ఆడపడుచు పెళ్లిలో తెల్లవారుజాము ముహూర్తం నుంచి అప్పగింతల దాకా చెక్కు చెదరలేదు.